అడగని వాళ్ల పేర్లు

దిగిన 41వ ఏడు, 112వ రోజు

చెడిపోయిన సామాను గురించి తప్ప ఈ పుస్తకంలో ఇంకేమీ రాయకూడదని మెకానిక్కులకు రూలు. ఆ రూలు పెట్టింది నేనే, అందరికంటే ఎక్కువసార్లు తప్పింది కూడా నేనే.

పొద్దున మూడో సొరంగంలో ఫ్యాను గుర్రుమంటోందని ఫిర్యాదు వచ్చింది. మంచం మీద కూర్చునే ఫోన్లో పలుకు అనే యాప్ తెరిచి ఆ ఫ్యాను పేరు మీద వేలు పెట్టాను. బేరింగు అరిగిందని, ఇంకో తొమ్మిది రోజులు ఎలాగోలా తిరుగుతానని చెప్పింది. పుట్టగొడుగుల గదిలో తడి మిషను తనకేమీ కాలేదంది. రెండో పంపు మాత్రం జాలీ మూసుకుపోయిందని మొరపెట్టుకుంది. ఉన్నచోటి నుంచే దాన్ని కాసేపు వెనక్కి తిప్పి జాలీ కడిగించాను. టీ చల్లారేలోపు ఇరవై సామాన్ల మంచిచెడ్డలు తెలిశాయి. మా అమ్మ కాలంలో ఈ పనికి నలుగురు మనుషులు టార్చిలు పట్టుకుని సగం రోజు నడిచేవాళ్లట. పలుకును మొదట తయారు చేసినవాళ్లు, ఊళ్లు పైన ఎండలో ఉన్న కాలం వాళ్లు. వాళ్లెవరో తెలియదు కానీ నా మోకాళ్ల తరఫున రోజూ వాళ్లకొక దండం పెట్టుకుంటాను.

అది మొదట మా నలుగురు మెకానిక్కుల ఫోన్లలోనే ఉండేది. ప్రతి ఫ్యానుకూ జనం వచ్చి నా తలుపు బాదడం భరించలేక, పన్నెండేళ్ల కిందట ఊరందరి ఫోన్లలోనూ పెట్టాను. అప్పటి నుంచి ఎవరి ఫ్యానును వాళ్లే అడుగుతారు. పొరుగువాళ్ల ఫ్యానును కూడా అడుగుతారు, అది వేరే సంగతి.

మధ్యాహ్నం కబురు వచ్చింది. హారికవ్వను ఆస్పత్రి సొరంగానికి తీసుకెళ్లారట. ఈరోజుకు ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు.

113వ రోజు

డాక్టర్ ఫర్హానా పిలిస్తే ఊపిరి మిషను బిగించడానికి వెళ్లాను. బొగ్గు తీసి వదిలేసిన ఈ గనిలోకి మనవాళ్లు దిగి నలభై ఏళ్లు దాటింది. అన్నేళ్ల దుమ్మూ హారికవ్వ ఊపిరితిత్తుల్లో పేరుకుంది, దాని మీద జ్వరం తగులుకుంది. ఆవిడకు డెబ్భై తొమ్మిది.

మిషను చూడ్డానికి చిన్నది, రొట్టెల డబ్బాకంటే కొంచెం పెద్దది. మనిషి ఊపిరి తీసుకోబోతుంటే కనిపెట్టి, సరిగ్గా ఆ క్షణానికి కాస్త గాలి తోస్తుంది. ఇలాంటివి మాకు రెండే ఉన్నాయి. రెండోది పక్క గదిలో నెలలు నిండకుండా పుట్టిన పసిగుడ్డు దగ్గరుంది. మంచం దగ్గరి మిషనుకు రోగి పేరే పెట్టడం మా అలవాటు కాబట్టి పలుకులో 'హారికవ్వ' అని కొట్టాను.

తర్వాత మైకులో నేనే చెప్పాను. "ఎవ్వరు ఆస్పత్రికి రాకున్రి. గా సొరంగంల గాలి సరిపోదు. అవ్వను ఎట్లున్నవని అడగాలంటే పలుకుల అడుగున్రి, మిషనే చెప్తది." జనం ఎంత మెచ్చుకున్నారో. దారిలో ఆపి మరీ, మంచి పని చేశావన్నారు. నేనూ పొంగిపోయాను.

హారికవ్వ గురించి ఎప్పుడో ఒకప్పుడు ఇక్కడ చదవబోయేవాళ్ల కోసం నాలుగు ముక్కలు రాయాలి. సోలార్ పలకల మీది దుమ్ము తుడవడానికి రోజూ పొద్దున కొందరు పైకి వెళ్తారు. ఆ ఎండకు మనిషి పడిపోయేముందు మాట తేడా వస్తుంది. హారికవ్వ ముప్ఫై నాలుగేళ్లు గని గుమ్మం దగ్గర స్టూలేసుకుని కూర్చుంది. వెళ్లేవాళ్లనూ వచ్చేవాళ్లనూ ఒక్కొక్కరినే ఆపి "పానం ఎట్లున్నది?" అని అడిగేది. తల ఊపితే ఒప్పుకునేది కాదు, నోటితో చెప్పాల్సిందే. మాట తీరు విని మనిషికి బాగుందో లేదో పోల్చేది. ఆవిడ దగ్గర మొదలైన ఆ అడగడం ఊరంతా పాకింది. ఇక్కడ ఎదురుపడిన మనిషిని అడక్కుండా ఎవరూ దాటరు, అడిగితే జవాబు చెప్పకుండా ఎవరూ పోరు. అడగడం మానేశారంటే ఇద్దరికీ గొడవై మాటలు పోయాయని అర్థం.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు పై నుంచి దిగి వచ్చి "మంచిగున్న" అన్నాను. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. "నువ్వెన్నడన్న ఇంత నిదానంగ మాట్లాడినవా పిల్లా? నీ నోరు గీడనే లేదు" అని ఎత్తుకెళ్లి నీళ్ల తొట్టిలో పడేసిందట. రెండు గంటల పాటు నాకు స్పృహ లేదు. అప్పటి నుంచి ఇరవై ఏడేళ్లు బతికాను, ఆ బతుకంతా ఆవిడ చెవి పెట్టిన భిక్ష.

115వ రోజు

మొదటి షిఫ్టు దిగే వేళకు హారికవ్వకు ఎగపోత ఎక్కువైంది. ఆవిడ ఊపిరి పీల్చాక, వదిలేటప్పుడు గాలి తోస్తోంది మిషను. మనిషి ఒకవైపు, గాలి ఒకవైపు. గంట తర్వాత దానంతటదే సర్దుకుంది. రెండో షిఫ్టు దిగే వేళ మళ్లీ అదే.

గొట్టాలు చూశాను. బ్యాటరీ మార్చాను. లోపలి వాల్వు విప్పి, తుడిచి, బిగించాను. పలుకులో అడిగితే "అన్నీ బాగున్నాయి" అంటుంది. అన్నీ బాగున్న మిషను పక్కన మనిషి బాగాలేకపోవడం కంటే నాకు చిరాకు తెప్పించే సంగతి ఇంకోటి లేదు. అడిగిన వెంటనే జవాబు మాత్రం టంచనుగా ఇస్తోంది. అది నేను నేర్పిన బుద్ధే. ఒకసారి అయిదో సొరంగంలో ఫ్యాను ఇరుక్కుని, తిరగాలనే తంటాలో పడి తన కష్టం ఎవరికీ చెప్పలేదు. ఇద్దరు సొమ్మసిల్లారు. అప్పుడు కూర్చుని అన్ని సామాన్లకూ ఒకే మాట రాసిపెట్టాను: ఎవరడిగినా చేస్తున్న పని ఆపి ముందు జవాబు చెప్పాలి, తర్వాతే పని. హారికవ్వ మనుషులకు నేర్పినదాన్ని నేను సామాన్లకు నేర్పానని గొప్పగా చెప్పుకున్నాను కూడా.

116వ రోజు

లోపం దొరక్కపోతే మెకానిక్ చేసే పని ఒకటే, ఇంకా దగ్గరగా చూడటం. మిషను నుంచి పూర్తి వివరం ప్రతి రెండు క్షణాలకోసారి నా ఫోనుకు వచ్చేలా పలుకులో పెట్టాను. రోజంతా ఆ అంకెలు చూస్తూ కూర్చున్నాను. హారికవ్వకు ఇంకా ఎక్కువైంది. ఈసారి షిఫ్టు వేళలే కాదు, పగలంతా ఆయాసపడింది. పెదవులు నల్లబడ్డాయి.

డాక్టర్ ఫర్హానా బయటికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. హారికవ్వ కూతురు లహరి ఆకుకూరల గది నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతులకు ఇంకా తడి మట్టి ఉంది. డాక్టర్ ఆమెతో ఏం చెప్పిందో నాకు వినపడలేదు కానీ లహరి నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"అక్కా, డాక్టరమ్మ రెండు మూడు దినాలు అన్నట్టు మాట్లాడుతున్నది. నిజం చెప్పు, మిషన్ల ఏమన్న లోపమున్నదా?"

"మొత్తం చూసిన లహరీ. మిషన్ల లోపం లేదు."

"లోపముంటే బాగుండు" అంది. "లోపమైతే నువ్వు బాగుచేస్తుంటివి."

ఆమె చేతి మట్టి నా చీర కొంగుతో తుడిచాను. అది తప్ప నాకు చేతనైన పని కనిపించలేదు.

117వ రోజు

దొరికింది. దొరికినందుకు సంతోషించాలో, గుండెలు బాదుకోవాలో తెలియడం లేదు.

పొద్దున మంచం పక్కన కూర్చుని ఉండగా నా ఫోను చార్జి అయిపోయి ఆగిపోయింది. విసుక్కున్నాను. చేసేదేమీ లేక, చూడ్డానికి అంకెల్లేక, చాలా రోజుల తర్వాత హారికవ్వ ముఖం వైపు చూశాను. కాసేపటికి నుదుటి మీద ముడత విడింది. గాలి, ఊపిరి కలిసి నడుస్తున్నాయి. గంటసేపు అలాగే హాయిగా ఉంది. అప్పుడు మొదటి షిఫ్టు దిగే గంట మోగింది. సొరంగం మొదట్లో జనం అడుగుల చప్పుడు వినపడింది. అంతలోనే మళ్లీ ఎగపోత మొదలైంది.

పరిగెత్తుకుంటూ వెళ్లి మా మెకానిక్కుల దుకాణంలో ఫోను చార్జికి పెట్టి, మిషనును ఎవరెవరు ఎన్నిసార్లు అడిగారో తీశాను. నిన్న ఒక్కరోజే ఊరు అడిగింది తొమ్మిది వేల సార్లు. షిఫ్టు దిగి చేతులు కడుక్కోగానే అందరూ చేసే మొదటి పని అదే. పద్దెనిమిది వందల మంది ఒక్కసారిగా "హారికవ్వా, ఎట్లున్నవ్?" అంటారు. మిషను బుద్ధిమంతురాలు. ఊపిరి పక్కన పెట్టి, ఒక్కొక్కరికీ జవాబు చెప్పి, ఆ తర్వాత గాలి తోస్తుంది. అవ్వకు ఆయాసం వచ్చిందన్న కబురు ఊళ్లో పడుతుంది. కంగారుపడి జనం ఇంకా అడుగుతారు. అడిగినకొద్దీ ఆయాసం పెరుగుతుంది.

ఇంకో సంగతి. మెకానిక్కులు అడిగినవి లెక్కలో కనపడకుండా దాచిపెట్టే ఏర్పాటు పలుకులో ఉంది, మా పని జనానికి అడ్డు రాకూడదని నేనే పెట్టింది. అది తీసి చూశాను. నా ఫోను ఒక్కటే నలభై మూడు వేల సార్లు అడిగింది. లోపం వెతుకుతున్నాననుకుంటూ ఆవిడ పీక మీద కూర్చున్నది నేనే.

నాది అప్పటికప్పుడు ఆపేశాను. డాక్టర్ దగ్గరికి వెళ్లి ఏదీ దాచకుండా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె కళ్లు మూసుకుని "అల్లా, ఊపిరితిత్తులు కావన్నమాట" అని, నా భుజం పట్టుకుని నవ్వింది. ఆ నవ్వుకు ఎంత రుణపడ్డానో రాయలేను.

118వ రోజు

కారణం తెలిస్తే పని అయిపోయినట్టే అనుకునేవాళ్లు మెకానిక్కులు కాదు.

మిషనుకు కొత్త బుద్ధి నేర్పాలంటే దాన్ని పావుగంట ఆపాలి. చేత్తో గాలి కొట్టే సంచి ఉంది కానీ "మూడు నిమిషాలైతే నేను చేస్తా వసుధా, పావుగంటకు ఈమె తట్టుకోదు" అంది డాక్టర్. సొరంగానికి వచ్చే తీగ తెంపితే అక్కడి ఫ్యాన్లు, పసిగుడ్డు మిషను కూడా మూగబోతాయి. ఊరి ఫోన్లలో పలుకును ఆపడానికి ఒక మీట అంటూ లేదు. పన్నెండేళ్ల కిందట నా ఫోనును ఒక్కో ఫోను పక్కన పెట్టి చేర్చాను, కొత్త సామాను పేరు కొడితే దానంతటదే అన్నిటికీ పోతుంది కానీ తీసేయాలంటే మళ్లీ అలాగే ఒక్కోటి తీయాలి. ఊళ్లో ఉన్నవి పద్దెనిమిది వందల ముప్ఫై ఆరు.

అందుకే ముందు నోటితోనే ప్రయత్నించాం. సర్పంచి అనూషమ్మ మైకులో చెప్పింది, హారికవ్వను ఎవ్వరూ అడగొద్దని, అడిగితే ఆవిడ ఊపిరికే ముప్పని. చెప్పిన అయిదు నిమిషాలకు మిషనును అడగడం రెట్టింపైంది. నిజంగా ముప్పేనా అని అందరూ ఒకసారి అడిగి చూసుకున్నారు.

నేను సొరంగం సొరంగం తిరిగాను. ఎక్కడికెళ్లినా ఒకటే వరస.

"నేను రోజుకు ఒక్కపాలే అడుగుత గదక్కా, నా ఒక్కదానితోని ఏమైతది?"

"అందరు గదే అంటున్నరు చెల్లే."

"అడగకుంటే అవ్వ ఏమనుకుంటది? రేపు లేచినంక మొకం ఎట్ల చూపియ్యాలె?"

అనూషమ్మ ఒక ఉపాయం చెప్పింది. గంటకోసారి అవ్వ ఎలా ఉందో డాక్టరే మైకులో చెప్తుంది, ఇక ఎవరూ అడగనక్కర్లేదు. వినడానికి బాగానే ఉంది. ఆ మాటకు ముసలి సాయిచరణ్ తాత నా వైపు జాలిగా చూశాడు.

"ఎట్లున్నదో తెల్సుకుందామని అడుగుతమా పిచ్చిదానా? అడుగుదామని అడుగుతం."

ఈ తాతకూ హారికవ్వకూ తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. గుమ్మం దగ్గర స్టూలు ఎవరు ఎక్కడ వేయాలన్న దాని మీద వచ్చిన గొడవ. లెక్కలో చూస్తే రోజుకు అరవైసార్లు అడిగింది ఈయనే. ఆ మాట ఆయన చెవిలో వేశాను. ఎర్రబడి, "నీకు దండం పెడుత, ఎవలకు చెప్పకు" అన్నాడు. చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను అంతే.

సాయంత్రం షిఫ్టు దిగేసరికి హారికవ్వకు మాట కూడా రాలేదు. లహరి బయట నిలబడి, దారిన పోయే ప్రతివాళ్ల చేతి వైపూ చూస్తోంది.

119వ రోజు

పొద్దున మైకు నేను తీసుకున్నాను. ఏం చెప్పాలో రాసుకోలేదు.

"నేను వసుధను. అవ్వను ఎక్కువసార్లు అడిగింది మీరు గాదు, నేను. మీరందరు కలిసి తొమ్మిది వేలసార్లు అడిగితే నేనొక్కదాన్నే నలభై మూడు వేలసార్లు అడిగిన. పలుకుల అడుగున్రని చెప్పింది గూడ నేనే. ఇగ మీ ఫోన్లు పట్టుకుని గుమ్మం కాడికి రాన్రి. ఒక్కొక్కదాంట్లకెల్లి అవ్వ పేరు తీసేస్త. మీకు చేతకాదని నాకు తెలుసు, నాకూ చేతకాలే. అందుకే చేతులకెల్లి గుంజుకునుడే."

చెప్పాక మైకు కింద పెట్టి, మొహం కొంగులో దాచుకున్నాను. తలెత్తి చూసేసరికి గుమ్మం దగ్గర నలభై మంది నిలబడి ఉన్నారు.

రోజంతా వస్తూనే ఉన్నారు. ఒకటో సొరంగం వాళ్లు ముందు, పైకి వెళ్లేవాళ్లు పని దిగాక, చంటిపిల్లల తల్లులకు పక్కన వేరే వరస. ఎవరూ చెప్పకుండానే వాళ్లే ఏర్పాటు చేసుకున్నారు. నా ఫోను వాళ్ల ఫోనుకు ఆనించి, పేరు నొక్కి, తీసేస్తాను. ఒక్కొక్కరికి పది పన్నెండు క్షణాలు. కొందరు ఫోను ఇచ్చేముందు ఆఖరిసారి అడగబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. ఒకావిడ ఫోనును బోర్లా పెట్టి తల తిప్పుకుంది, పిల్లాడికి సూది వేయిస్తున్నప్పుడు తల్లి తిప్పుకున్నట్టు.

సందీప్ మామ, మాలో పెద్ద మెకానిక్, అవతలి వరసలో తన ఫోనుతో అదే పని చేశాడు. అనూషమ్మ అందరికీ గంజి పోసింది. నా వేళ్లు కొయ్యబారితే, వరసలో ఉన్న ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్ల వచ్చి వేడినీళ్ల గుడ్డ చుట్టి వెళ్లింది. ముందుకు వంగి ఆ చేతుల్ని ముద్దు పెట్టుకుందామనిపించింది, కానీ వరస పొడుగ్గా ఉంది.

పదకొండు వందల నాలుగు అయ్యాయి.

120వ రోజు

మిగిలినవి అయ్యాయి. మంచం దిగలేని ఇరవై ఆరుగురి ఇళ్లకు మేమే వెళ్లాం. ఒక ఇంట్లో పెద్దాయన ఫోను దిండు కింద పెట్టుకుని ఇవ్వనన్నాడు. ఆయన పెళ్లాం "మనం అడగకపోతేనే ఆమె బతుకుతదట" అని చెవి దగ్గర మూడుసార్లు గట్టిగా చెప్పాక, ఇచ్చి గోడ వైపు తిరిగాడు.

డాక్టర్ ఫోను ఒక్కటి ఉండాలి. మెకానిక్కుల నాలుగూ చివరికి మిగిలాయి. సందీప్ మామ తనదీ, మిగతా ఇద్దరివీ నా చేత తీయించి, నా ఫోను కోసం చెయ్యి చాపాడు.

"నీది ఉండనీ అంటె ఉంచుత. నువ్వు ఆపినవ్ గద."

"ఉంటే అడుగుత మామా. నేనేందో నాకు తెల్వదా?"

పలుకులో మూడు వందల పన్నెండు సామాన్ల పేర్లుంటాయి నాకు. ఆయన తీసేశాక మూడు వందల పదకొండు ఉన్నాయి. ఫ్యాన్లు, పంపులు, దీపాలు, అన్నీ ఉన్నాయి. చూడగానే ఖాళీగా అనిపించింది.

121వ రోజు

మొదటి షిఫ్టు దిగే గంట మోగింది. ఆస్పత్రి సొరంగం మొదట్లో నిలబడ్డాను, లోపలికి పోకుండా. జనం దాటిపోయారు. ఎవరూ ఆ వైపు చూడలేదు, నన్ను కూడా ఏమీ అడగలేదు. కొత్తగా గొడవపడ్డవాళ్లలా తలలు వంచుకుని పోయారు. కొందరి చేతులు జేబు దాకా వెళ్లి వెనక్కి వచ్చాయి. ఇంత మంది కలిసి ఒక మాట దిగమింగుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు. వాళ్లకు చేతులెత్తి మొక్కాలనిపించింది. ఒకరిద్దరికి మొక్కాను కూడా, వాళ్లు కంగారుపడి వేగంగా నడిచారు.

లోపల ఏం జరుగుతోందో తెలియదు. డాక్టర్ బయటికి రాలేదు. రాలేదంటే మంచికో చెడుకో తెలియక, రెండో పంపు దగ్గరికెళ్లి మంచిగా ఉన్న జాలీని మళ్లీ విప్పి కడిగాను.

122వ రోజు

డాక్టర్ వచ్చింది. నేను అడగలేదు. ఆమే చెప్పింది: రెండు షిఫ్టుల గంటలూ దాటిపోయాయి, ఒక్కసారి కూడా గాలి తప్పలేదు, జ్వరం దిగుతోంది. లహరి మంచం పక్కన నేల మీద కూర్చుని నిద్రపోతోందట, నాలుగు రోజుల్లో మొదటిసారి.

"జనానికి చెప్పనా?" అన్నాను.

"చెప్పకు. మంచిగయితున్నది అంటే ఉరికొస్తరు" అంది. అప్పటికే ఆమెకు మన ఊరు పూర్తిగా అర్థమైంది.

126వ రోజు

ఈరోజు మిషను తీసేశారు. విప్పడానికి నన్నే పిలిచారు. ఒక గొట్టం ఊడదీయడానికి రెండుసార్లు ప్రయత్నించాను. హారికవ్వ కళ్లు తెరిచి ఉంది. చిక్కిపోయింది, గొంతు గరగరలాడుతోంది, కానీ గాలి ఆవిడదే, తీసుకోవడం ఆవిడదే. లహరి గంజి గిన్నె పట్టుకుని కూర్చుంది. హారికవ్వ నోరు తెరవడం లేదు.

"తాగదట" అంది లహరి. "అలిగింది."

"ఎవరి మీద?"

అవ్వ నా వైపు తిరగలేదు. "అందరి మీద" అంది. "ఎన్ని దినాలైందే నేను పడి? మెలకువ వచ్చి మూడు దినాలాయె. ఒక్కలన్న వచ్చి ఎట్లున్నవని అడిగిన్రా? ముప్పై నాలుగేండ్లు ఊరు ఊరంతటిని అడిగిన. నేను పడితే ఒక్క గొంతు లేకపాయె."

నాకు నవ్వొచ్చింది, దాని వెంటే ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఎంత వికారంగా ఉంటుందో లహరి మొహంలో చూశాను. మంచం మీద కూర్చుని మొత్తం చెప్పాను. మిషను సంగతి, నా నలభై మూడు వేలు, గుమ్మం దగ్గర వరస, బోర్లా పెట్టిన ఫోను, దిండు కింద దాచిన ఫోను. చెప్తున్నంతసేపూ ఆవిడ గోడ వైపే చూసింది. అర్థమైందో లేదో తెలియలేదు.

"ఎవరెవరు?" అంది చివరికి.

"ఏందవ్వా?"

"అడగనోళ్లు. పేర్లు చెప్పు."

ఫోన్లో జాబితా తీసి, ఒకటో సొరంగం నుంచి మొదలుపెట్టాను. ప్రణవి. ఆమె మొగుడు రిత్విక్. వాళ్ల ముగ్గురు పిల్లలు. యాకూబ్. దీక్షిత, వాళ్లత్త. ఆవిడ ఒక్కో పేరు దగ్గర కళ్లు మూసి, ఆ మనిషి గొంతు గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఆగి, తల ఊపేది. అప్పుడు తర్వాతి పేరు చదివేదాన్ని. మూడో సొరంగం దాకా వచ్చేసరికి లహరి చేతి నుంచి గిన్నె తీసుకుని తనే తాగింది. అయిదో సొరంగంలో ఒక పేరు మళ్లీ చెప్పమంది. ఏడో సొరంగం అయ్యాక నా గొంతు పోయింది, లహరి అందుకుంది. డాక్టర్ గుమ్మంలో నిలబడి వింటూ ఉండిపోయింది.

పద్దెనిమిది వందల ముప్ఫై నాలుగు పేర్లు అయ్యేసరికి రెండో షిఫ్టు దిగే గంట మోగింది. హారికవ్వ నా వైపు తిరిగింది.

"మల్ల నువ్వో?"

"నేను గూడ అడగలేదవ్వా" అన్నాను. "ఆరు దినాలు."

ఆవిడ చెయ్యి చాపి నా తల మీద పెట్టింది. ఆ చెయ్యి అక్కడే చాలాసేపు ఉంది, ఆవిడ ఊపిరితో పాటు కొంచెం లేస్తూ, కొంచెం దిగుతూ.